స్క్రిప్టు కంటే ముందు రాసుకోవాల్సిన ఒక్క లైను: ఈ వీడియో ఎవరు ఎవరికి పంపుతారు?

"అన్నా, మా షాపుకి ఒక వైరల్ వీడియో చేసిపెట్టు" అని ఫోన్ చేసేవాళ్లని నేను బడ్జెట్ సంగతి తర్వాత అడుగుతాను. ముందు అడిగేది ఒకటే. ఈ వీడియో చూసినవాళ్లు దాన్ని ఎవరికి ఫార్వర్డ్ చేస్తారు, చేసేటప్పుడు కింద ఏం టైప్ చేస్తారు, ఆ ఒక్క లైను నాకు చెప్పండి అంటాను. తొంభై శాతం మంది అక్కడే ఆగిపోతారు. కాసేపాగి "మా బ్రాండ్ గురించి అందరికీ తెలియాలి కదా" అంటారు. అది మీకు కావాల్సింది. బస్సులో కూర్చుని ఫోన్ చూసుకుంటున్న అమ్మాయికి మీ బ్రాండ్ గురించి అందరికీ తెలియాల్సిన అవసరం ఏముంది?

మీ ఇంటి వాట్సాప్ గ్రూపు ఒకసారి తెరిచి చూడండి. తమ్ముడు అక్కకి ఒక వీడియో పంపి "అచ్చం మా బావే" అని రాస్తాడు. డాలస్‌లో ఉన్న కొడుకు అమ్మకి పంపి "నువ్వు కూడా ఇలాగే తిట్టేదానివి" అంటాడు. హాస్టల్‌లో ఒకమ్మాయి తన రూమ్మేట్‌కి పంపి ఏమీ రాయదు, రెండు నవ్వు బొమ్మలు పెడుతుంది, అంతే. వీళ్లలో ఏ ఒక్కరూ కంపెనీకి ప్రచారం చేద్దామని పంపలేదు. అవతలి మనిషితో ఒక మాట చెప్పాలనిపించింది, ఆ మాట తమకంటే ఆ వీడియో బాగా చెప్పింది, అందుకని పంపారు. యాడ్ వీడియో వైరల్ కావాలంటే మీరు ఆ మాటను పట్టుకోవాలి. ఆ లైను దొరక్కముందు స్క్రిప్టు మొదలుపెట్టొద్దు, కెమెరా అద్దెకి తీసుకోవద్దు.

ఇది నేను డబ్బు పోగొట్టి నేర్చుకున్నాను, అదీ నా డబ్బు కాదు, ఒక చీరల షాపాయనది. నా మొదటి పెద్ద పని అది. డ్రోన్ తెప్పించాను, షాపు ముందు నుంచి పైకి లేచే షాట్, ఆ తర్వాత లోగో తిరుగుతూ వచ్చి ఆగడానికి ఆరు సెకన్లు, ఆ తర్వాత మోడల్ మెట్లు దిగడం, స్లో మోషన్‌లో కొంగు ఎగరడం. బూస్ట్ కొట్టాం, అంటే డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించాం, వ్యూస్ లక్షల్లో కనిపించాయి, నేను సంబరపడ్డాను. నెల తర్వాత ఆయన చాలా మర్యాదగా ఒక మాట అన్నారు, "వీడియో చూసి వచ్చామని ఒక్కరు కూడా చెప్పలేదు బాబూ." ఇంటికొచ్చి లెక్కలు చూశాను. షేర్లు పదుల్లో ఉన్నాయి, అవి కూడా ఎక్కువ భాగం షాపు స్టాఫువే. మూడో సెకనుకే చాలామంది వెళ్లిపోయారు. అంటే జనం చూసింది మా డ్రోన్ పైకి లేవడం వరకే.

వస్తువు తీసేస్తే కథ కూలిపోవాలి

రెండో పరీక్ష ఇది. మీ వీడియోలోంచి మీ వస్తువును తీసేసి పక్కవాడి వస్తువు పెట్టినా కథ నడుస్తుందా? నడిస్తే ఆ ఐడియా మీది కాదు, పక్కన పెట్టేయండి.

వోల్వో లారీల వీడియో చాలామంది చూసే ఉంటారు, 2013 నవంబర్‌లో వచ్చింది. రెండు లారీలు రివర్స్‌లో వెళ్తుంటాయి, వాటి మధ్య నటుడు వాన్ డామ్ ఒక కాలు ఈ లారీ మీద, ఒక కాలు ఆ లారీ మీద పెట్టి నిలబడతాడు, లారీలు మెల్లగా దూరం జరుగుతాయి, ఆయన కాళ్లు చాపుకుంటూ పోతాడు. స్పెయిన్‌లో తెల్లవారుజామున ఒకే టేక్‌లో తీశారు. లారీ కొనేవాళ్లు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు? అయినా కోట్ల మంది చూశారు, ఒకరికొకరు పంపుకున్నారు. అక్కడ అమ్ముతున్నది స్టీరింగ్. రివర్స్‌లో కూడా బండి గీత గీసినట్టు వెళ్తుందని చెప్పడానికి మనిషి ప్రాణాన్ని దాని మీద నిలబెట్టి చూపించారు. స్టీరింగ్ కాస్త అటూ ఇటూ అయితే ఆ వీడియోనే లేదు.

మన దగ్గరే గూగుల్ 2013లో చేసిన వీడియో ఉంది, దేశ విభజనలో విడిపోయిన ఇద్దరు స్నేహితులు, ఒకాయన ఢిల్లీలో, ఇంకొకాయన లాహోర్‌లో. మనవరాలు తాత చెప్పిన చిన్న చిన్న గుర్తులతో వెతుక్కుంటూ ఆ రెండో ముసలాయన మిఠాయి షాపు నంబరు పట్టుకుంటుంది. మూడు నిమిషాల పైనే ఉంటుంది, అయినా జనం కూర్చుని చూశారు. కథ ప్రతి మలుపులోనూ సెర్చ్ ఉంది, కానీ ఎక్కడా సెర్చ్ గురించి డప్పు లేదు. కాబట్టి "రీల్ అంటే పదిహేను సెకన్లే ఉండాలి" అనేవాళ్ల మాట పూర్తిగా నమ్మకండి. తర్వాత ఏమవుతుందో అన్న కుతూహలం ఉన్నంతసేపు జనం కూర్చుంటారు.

దీనికి ఎదురుగా, 2021 ఏప్రిల్‌లో ఐపీఎల్ సమయంలో వచ్చిన, క్రెడిట్ కార్డు బిల్లులు కట్టే యాప్ క్రెడ్ యాడ్ చూడండి. రాహుల్ ద్రవిడ్ లాంటి నెమ్మదైన మనిషి బెంగళూరు ట్రాఫిక్‌లో ఇరుక్కుని, బ్యాటుతో పక్క కారు అద్దం పగలగొట్టి, ఇందిరానగర్ గూండాని నేనేనంటూ అరుస్తాడు. అందరం నవ్వాం, పంపుకున్నాం. నా చుట్టూ ఉన్న చాలామందికి మాత్రం ఆ కంపెనీ ఏం చేస్తుందో అప్పటికీ తెలియలేదు. అంత పెట్టుబడి ఉన్నవాళ్లకి పేరు జనం నోళ్లలో నానితే చాలు, మిగతాది తర్వాత చూసుకుంటారు. మీకు పచ్చళ్ల వ్యాపారమో, ఫర్నిచర్ షాపో ఉంటే ఆ దారి పట్టొద్దు. వీడియో నవ్వించింది, వస్తువు గుర్తు లేదు అంటే మీ డబ్బుతో జనానికి ఉచిత వినోదం పంచినట్టే.

ఐడియా కోసం కారిడార్‌లో కాదు, వంటింట్లో తిరగండి

మంచి ఐడియాలు మీటింగ్ రూముల్లో పుట్టడం నేను తక్కువ చూశాను. అమెరికాలో యూటా రాష్ట్రంలో బ్లెండ్‌టెక్ అనే మిక్సీల కంపెనీ ఉంది. 2006లో అక్కడ కొత్తగా చేరిన మార్కెటింగ్ ఆయన ఒకరోజు ఫ్యాక్టరీలో నేల మీద రంపపు పొట్టు చూసి ఇదేంటని అడిగాడు. మా యజమాని మిక్సీ గట్టిదనం చూడ్డానికి అందులో చెక్కముక్కలు వేసి తిప్పుతుంటాడని చెప్పారు. లోపలివాళ్లకి అది రోజూ చూసే పని, వింతేమీ కాదు. ఆయనకి వింత. యాభై డాలర్లతో గోళీలు, తోటలో ఆకులు ఊడ్చే పళ్లకర్ర లాంటివి కొన్ని కొనుక్కొచ్చి, ఆ యజమాని చేతే తెల్ల కోటు వేయించి, మిక్సీలో వేసి తిప్పిస్తూ వీడియోలు తీశాడు. తర్వాత ఐఫోన్ కూడా వేశారు. ఆ వీడియోల పుణ్యాన ఆ మిక్సీ పేరు దేశమంతా తెలిసిపోయింది.

ఇదే పద్ధతి నాకు ఆత్రేయపురంలో పనికొచ్చింది. పూతరేకులు చేసి అమ్మే ఒకావిడ, ఇంట్లోనే చిన్న వ్యాపారం. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక ఆ పేరుతో అమ్మేవాళ్లు పెరిగారు, ఆవిడ సరుకు వేరుగా కనపడాలని వాళ్లబ్బాయి నన్ను పిలిచాడు. వాళ్లు అనుకున్న వీడియో ఏంటంటే, ఇంటి ముందు బాక్సులు పేర్చి, ఆవిడ పట్టుచీర కట్టుకుని నమస్కారం పెట్టి "స్వచ్ఛమైన నెయ్యితో" అని చెప్పడం. సగం రోజు అదే తీశాం. ఆవిడ బిగుసుకుపోయింది, ప్రతి టేక్‌లోనూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడింది.

మధ్యాహ్నం ఇక చాలనుకుని ఆవిడ తన పని మొదలుపెట్టింది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు మండుతున్నాయి. పలుచటి పిండి నీళ్లలో గుడ్డ ముంచి, రెండు చేతులతో రెండు కొసలు పట్టుకుని కుండ మీద పరిచినట్టు వేసి ఒక్క లాగు లాగింది. చుయ్‌మని శబ్దం. కుండ మీద తెల్లటి పొర మిగిలింది, క్షణంలో అది అంచుల దగ్గర లేచింది, వేళ్లతో ఒలిచి పైకెత్తింది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఆ రేకులోంచి ఆవిడ మొహం కనపడింది. ఉక్కగా ఉందని మా అసిస్టెంట్ టేబుల్ ఫ్యాన్ ఇటు తిప్పాడు. ఆవిడ కసిరింది, "ఫ్యాన్ ఆపు బాబూ, రేకు ఎగిరిపోద్ది!"

ఆ మాటే మా వీడియోకి మొదటి సెకను అయింది. పట్టుచీర టేకులన్నీ పక్కన పెట్టేశాం. ముప్పై రెండు సెకన్ల వీడియో, పాట లేదు, వాయిస్ ఓవర్ లేదు, మంట చిటపట, గుడ్డ చప్పుడు, చివర్లో నెయ్యి రాసి బెల్లం పొడి చల్లి మడత పెట్టేటప్పుడు రేకు చేసే గలగల. జనం దాన్ని ఎవరికి పంపారో తెలుసా? బెంగళూరులో, పుణెలో ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లు తెలుగు రాని కొలీగ్స్‌కి పంపారు, "మొన్న నేను తెచ్చిన కాగితం స్వీటు ఇలా చేస్తారు" అని. నేను ముందు రాసుకున్న లైను వేరే, విదేశాల్లో ఉన్న పిల్లలు అమ్మలకి పంపుతారనుకున్నాను. అది కూడా జరిగింది, కానీ తక్కువ. లైను ముందే రాసుకోవడం వల్ల లాభం ఇదే, ఎక్కడ తప్పామో తర్వాత తెలుస్తుంది.

మొదటి రెండు సెకన్లు, ఇంకా కొన్ని చేతిపనులు

వేలు స్క్రీన్ మీదే ఉంటుంది, కాబట్టి మొదటి ఫ్రేములోనే ఏదో జరుగుతూ ఉండాలి. పని మధ్యలోంచి మొదలుపెట్టండి. గుడ్డ ముంచడం నుంచి కాదు, లాగడం నుంచి. లోగో, "నమస్కారం ఫ్రెండ్స్", ఊరి ఏరియల్ షాట్, ఇవన్నీ తీసేయండి. బ్రాండ్ పేరు మొదట్లో దాచమని నేను అనను. బాక్సు మీద, ఆప్రాన్ మీద, గోడ మీద సహజంగా కనపడేట్టు పెట్టండి, పేరు చివరి సెకనులో ఒక్కసారే వస్తే సగం మంది అక్కడి దాకా రారు.

ఫోన్ నిలువుగా పట్టుకుని 1080 × 1920లో తీయండి. అక్షరాలు కింద అంచున పెట్టొద్దు, అక్కడ రీల్స్‌లో క్యాప్షన్, కుడివైపు లైకు బటన్లు వచ్చి కప్పేస్తాయి. చాలామంది సౌండ్ ఆపి చూస్తారు కాబట్టి మాటలకి తెలుగులో సబ్‌టైటిల్స్ తప్పనిసరి, కానీ వేసేముందు ఒత్తులు సరిగా పడ్డాయో లేదో ఫోన్‌లో చూడండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి తెలుగు అంటే పడదు, ఒత్తు విడిపోయి పక్కన కూర్చుంటుంది. ప్రీమియర్‌లో అయితే గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి టెక్స్ట్ ఇంజన్‌ని దక్షిణాసియా భాషలకి మార్చుకోవాలి. తెలుగువాళ్లకి అమ్మే వస్తువు వీడియోలో తెలుగు విరిగి ఉంటే నాకు నిజంగా బాధేస్తుంది, చూసేవాళ్లకి కూడా మీ సరుకు మీద నమ్మకం తగ్గుతుంది.

కెమెరా కంటే మైకు మీద డబ్బు పెట్టండి. మంచి కాలర్ మైకు ఉంటే మామూలు ఫోన్ వీడియో కూడా చూడబుద్ధేస్తుంది, సౌండ్ బాగోకపోతే ఎంత ఖరీదైన కెమెరా అయినా దండగ.

యాస సంగతి. మీ కస్టమర్ కరీంనగర్‌లో ఉంటే కరీంనగర్ మనిషినే మాట్లాడించండి. హైదరాబాద్ స్టూడియోలో కూర్చుని అనుకరించిన గోదావరి యాస గోదావరివాళ్లకి రెండో మాటకే తెలిసిపోతుంది, వెక్కిరించినట్టు అనిపిస్తుంది. ఒకే స్క్రిప్టును రెండు యాసల్లో తీయాల్సొస్తే ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని, వాళ్లచేతే మాటలు మార్పించండి.

మాట ఎంత పనిచేస్తుందో చూడాలంటే లలితా జ్యువెలరీ యాడ్స్ చాలు. యజమాని కిరణ్ కుమార్ స్వయంగా కెమెరా ముందు నిలబడి "డబ్బులు ఎవరికీ ఊరికే రావు" అన్నారు, మా నగ ఫోటో తీసుకెళ్లి నాలుగు షాపుల్లో ధర పోల్చి చూసుకోండి అన్నారు. ఆ మొదటి ముక్క ఇప్పుడు తెలుగు ఇళ్లలో సామెతలా వాడేస్తున్నారు, మీమ్స్ లెక్కే లేదు. అది ఏ కాపీ రైటరో అలంకరించిన మాటలా ఉండదు, ప్రతి ఇంట్లో నాన్న అనే మాటలా ఉంటుంది. అందుకే మీ స్లోగన్ కోసం కూర్చుని ప్రాసలు వెతక్కుండా కౌంటర్ దగ్గర ఒక గంట నిలబడి కస్టమర్లు ఏమంటున్నారో రాసుకోండి.

ఏడిపించడమే ఎమోషన్ అనుకోకండి

పండగ వస్తే చాలు, ముసలి తల్లి, రాని కొడుకు, పియానో సంగీతం. జోనా బెర్గర్, కాథరిన్ మిల్క్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు, న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన దాదాపు 7,000 వ్యాసాల్లో జనం వేటిని ఎక్కువ పంపుకున్నారో చూశారు. అబ్బురం, కోపం, ఆందోళన లాంటి, మనిషిని కుదిపేసే భావాలున్నవి ఎక్కువ తిరిగాయి, దిగాలు పడేలా చేసేవి తక్కువ. నా అనుభవం కూడా అదే. కళ్లు చెమర్చినా పర్లేదు, కానీ చివరికి ఒంట్లో ఉత్సాహం మిగలాలి, గూగుల్ వీడియోలో ఇద్దరు ముసలాళ్లు కలుసుకున్నప్పుడు మిగిలినట్టు. కోపంతో ఆడుకోవద్దు. కులం, ప్రాంతం, అత్తాకోడళ్ల మీద వెక్కిరింపు, వీటితో షేర్లు వస్తాయి, మీ షాపు పేరు కూడా వాటితోనే ముడిపడి ఉండిపోతుంది.

పోస్ట్ చేసేముందు ఆగి చూసుకోవాల్సినవి

సినిమా పాట పెట్టొద్దు. మామూలు అకౌంట్లలో వాడుకోగలిగే పాటలు వ్యాపార ప్రచారానికి వాడుకునే హక్కు మీకు ఇవ్వవు, మ్యూజిక్ కంపెనీలు నోటీసులు పంపుతాయి. మెటా సౌండ్ కలెక్షన్, యూట్యూబ్ ఆడియో లైబ్రరీ ఉన్నాయి, లేదా ఊళ్లో డప్పు కళాకారుడికి డబ్బిచ్చి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుని రికార్డు చేసుకోండి.

ఆరోగ్యం గురించి గొప్పలు చెప్పొద్దు. "మా చిరుధాన్యాల పిండితో షుగర్ తగ్గిపోతుంది" అని వీడియోలో అన్నారంటే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం దాకా వ్యవహారం వెళ్లొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి తయారీదారుకీ, అందులో కనిపించి మెచ్చుకున్నవాళ్లకీ 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా ఉంది. ఇన్‌ఫ్లుయెన్సర్‌కి డబ్బో, సరుకో ఇచ్చి చేయిస్తుంటే అది ప్రకటన అని స్పష్టంగా కనపడాలి. ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ 2021 నుంచే ఈ నిబంధన పెట్టింది. దాచి చేయించమని అడిగే క్లయింట్లకి నేను పని చేయను.

అన్నిటికంటే ముఖ్యం, సరుకు సిద్ధంగా ఉందా? డాలర్ షేవ్ క్లబ్ అనే రేజర్ల కంపెనీ 2012 మార్చిలో పెట్టిన వీడియో ఖర్చు సుమారు 4,500 డాలర్లు. యజమాని మైఖేల్ డ్యూబిన్ గోడౌన్‌లో నడుస్తూ మాట్లాడతాడు, ఏం అమ్ముతున్నాడో ఎంతకి అమ్ముతున్నాడో మొదట్లోనే చెప్పేస్తాడు. రెండు రోజుల్లో దాదాపు 12,000 ఆర్డర్లు వచ్చాయి, వెబ్‌సైట్ పడిపోయింది. వాళ్లు తేరుకున్నారు. చిన్న వ్యాపారం తేరుకోవడం కష్టం. మా పూతరేకుల ఆవిడ విషయంలో ఇది నా తప్పు, ముందే అడగాల్సింది. ఇచ్చిన నంబరు వాళ్లబ్బాయి సొంత నంబరు, అతను ఉద్యోగంలో ఉండి ఫోన్ ఎత్తలేకపోయాడు. తొందరలో మామూలు అట్టపెట్టెల్లో పంపిన సరుకు కొరియర్‌లో పొడి పొడి అయింది, ఆ ఫోటోలు కామెంట్లలోకి వచ్చాయి. ఇప్పుడు ఏ క్లయింటునైనా ముందే కూర్చోబెట్టి రోజుకి ఎన్ని బాక్సులు చేయగలరో లెక్క రాయిస్తాను, వాట్సాప్ బిజినెస్‌లో ధరలతో క్యాటలాగ్ పెట్టిస్తాను, ప్యాక్ చేసిన బాక్సును ఒకదాన్ని నిజంగా కొరియర్‌లో హైదరాబాద్ పంపించి ఎలా చేరిందో చూస్తాను. "రోజుకి నలభై బాక్సులే" అని ధైర్యంగా రాయండి, జనం ఆగుతారు.

పెట్టాక ఏం చూడాలి

వ్యూస్ చూసి పొంగిపోవద్దు. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసేరి 2025 జనవరిలో చెప్పిన మూడు ముఖ్యమైన లెక్కలు ఎంతసేపు చూశారు, ఎన్ని లైకులు, ఎంతమంది వేరేవాళ్లకి పంపారు. మనల్ని ఫాలో కానివాళ్లకి వీడియో చేరాలంటే ఆ పంపడమే ఎక్కువ పనిచేస్తుందన్నారు. ఇన్‌స్టాగ్రామ్ లెక్కలు చూపించే ఇన్‌సైట్స్‌లో, వీడియో చేరినవాళ్ల సంఖ్య పక్కన షేర్ల సంఖ్య పెట్టి చూడండి. ఇంకా ఎంతమంది చూస్తున్నారో చూపే గ్రాఫ్ ఎక్కడ జారిందో ఆ సెకను దగ్గర వీడియో ఆపి అక్కడేముందో చూడండి, చాలాసార్లు మీకు బాగా ఇష్టమైన షాటే ఉంటుంది. తీసేసి ఇంకో వెర్షన్ పెట్టండి. అదే వీడియోకి రెండు మూడు రకాల ఆరంభాలు తయారు చేసుకుని ఒక్కోదాన్ని ఒక్కో వారం పెట్టి చూడటం డ్రోన్ అద్దె కంటే చౌక. బూస్ట్ డబ్బులు కూడా దానంతట అది షేర్ అవుతున్న వీడియో మీదే పెట్టండి, చతికిలపడ్డదాని మీద పెడితే నా చీరల షాపు కథే.

కామెంట్లకి మొదటి రెండు రోజులు మీరే కూర్చుని జవాబివ్వండి. మగవాళ్ల సబ్బులు, సెంట్ల బ్రాండ్ ఓల్డ్ స్పైస్ 2010 జూలైలో ఏం చేసిందంటే, యాడ్‌లోని నటుడిచేతే జనం అడిగినవాటికి వీడియోల్లోనే జవాబులు ఇప్పించింది, కొద్ది రోజుల్లో 186 వీడియోలు. మనం అన్ని చేయలేం, మూడు చేసినా చాలు. ఆత్రేయపురం వీడియో కింద ఒకమ్మాయి "ఆంటీ, చెయ్యి కాలదా?" అని అడిగింది. ఆవిడ అరచేతులు దగ్గరగా చూపిస్తూ "మొదటి ఏడాది కాలింది, ఇప్పుడు కుండకే నా చెయ్యి అలవాటైంది" అంది. పద్నాలుగు సెకన్లు, నా ఫోన్‌తోనే తీశాను. ఈసారి దాని కింద ప్యాకింగ్ మార్చామని, రేకు విరిగితే డబ్బు వాపసు ఇస్తామని కూడా రాశాం. మొదటిసారి పొడి అయిన బాక్సు అందుకున్నవాళ్లలో ఇద్దరు మళ్లీ ఆర్డరు పెట్టారు.